సుబ్బారావు మందు, ఆళ్ళగడ్డ బస్సు

యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి తెలుగులో ఇప్పటికి చాలామందే రాశారు. భీమవరంలో 1895 జనవరి 12న పుట్టడం, ఇంటి పేదరికం, మద్రాసు వైద్య కళాశాల, ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరు ఆగ్రహానికి గురి కావడం, చివరకు అమెరికాలో అనామకంగా మరణించడం, ఇవన్నీ చదువరులకు కొత్త కాదు. నోబెల్ బహుమతి ఎందుకు రాలేదన్న చర్చ కూడా మనవాళ్ళు తనివితీరా చేశారు. నాకు ఆ చర్చలో పాల్గొనే ఆసక్తి లేదు. ఆయన ప్రయోగశాలలో తయారైన మందు కర్నూలు సీమలోని ఒక పల్లె పిల్లవాడి నోటిదాకా చేరడానికి ఏమేమి కావలసి వచ్చింది, చేరాక కూడా అది చివరి మాత్ర వరకు కొనసాగడానికి ఇంకా ఏమి కావాలి అన్నదే ఈ వ్యాసం విషయం. మందు చరిత్ర రాసేవారు కనుగొన్న రోజుతో ఆపేస్తారు. అసలు చరిత్ర అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం.

ముందుగా ఆ కనుగొన్న కథను క్లుప్తంగా చెప్పుకోవాలి. సుబ్బారావు గారి సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో సంగ్రహణి వ్యాధితో పోయారు. ఆయనకూ ఆ వ్యాధి సోకితే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. 1922లో బోస్టన్ వెళ్ళడానికి మామగారి సాయంతో పాటు కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సొమ్ము తోడైంది. ఈ ధర్మసంస్థ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికి వస్తుంది. హార్వర్డులో ఫిస్కేతో కలిసి చేసిన పనుల తరువాత, 1940లో లెడర్లీ సంస్థలో చేరి, అక్కడి బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయించారు. రక్తహీనతకూ సంగ్రహణికీ పనికివచ్చే విటమిను అది. తన సోదరులను మింగిన జబ్బుకు మందు వెతుకుతూ వెళ్ళిన మనిషికి దారిలో మరొకటి దొరికింది.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు, ఫోలిక్ సంబంధమైన పదార్థాలు ఇచ్చినప్పుడు రక్త క్యాన్సరు పిల్లల్లో జబ్బు తగ్గకపోగా ఊపందుకుంటున్నదని అనుమానించాడు. అలాగైతే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థం ఇస్తే? అటువంటి పదార్థాలను లెడర్లీలో సుబ్బారావు బృందమే తయారు చేసి పంపింది. 1947 డిసెంబరు చివరిలో అమినోప్టెరిన్ అనే మందును రెండేళ్ళ బాలుడికి ఇచ్చారు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన వ్యాసంలో పదహారు మంది పిల్లల ప్రస్తావన ఉంది. వారిలో పదిమందికి జబ్బు తాత్కాలికంగా వెనకడుగు వేసింది. అంతకు మునుపు రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలు వారాల్లో పోయేవారు. ఆ పదిమందీ కూడా నిలవలేదు. కాని జబ్బును మందుతో వెనక్కి నెట్టవచ్చునన్న మాట లోకంలో మొదటిసారి రుజువైంది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్త క్యాన్సరు చికిత్సలో ప్రధానమైన మందులలో ఒకటి.

ఫార్బర్ చేసిన రెండో పనిని మనవాళ్ళు అంతగా పట్టించుకోలేదు. మందు ఒక్కటే చాలదని ఆయన త్వరలోనే గ్రహించాడు. 1948లో ఒక రేడియో కార్యక్రమం ద్వారా ప్రజల నుంచి రెండు లక్షల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. ఆ డబ్బుతో మొదలైన కేంద్రంలో వైద్యుడు, ఆహారం చూసేవారు, ఇంటి పరిస్థితి విచారించే సామాజిక కార్యకర్త, అందరూ ఒకే చోట ఉండే ఏర్పాటు చేశాడు. దీనికి ఆయన పెట్టిన పేరు సంపూర్ణ సంరక్షణ. బిడ్డతో పాటు కుటుంబం కూడా రోగి కిందే లెక్క అన్నమాట. 1962లో మెంఫిస్‌లో మొదలైన సెయింట్ జూడ్ ఆసుపత్రి ఏ కుటుంబానికీ బిల్లు వేయకూడదని నియమం పెట్టుకుంది. అక్కడ డోనాల్డ్ పింకెల్ బృందం నాలుగైదు మందులను వరుసగా, రెండు మూడేళ్ళ పాటు ఇచ్చే పద్ధతిని తీర్చిదిద్దింది. 1960ల చివరికి సగం మంది పిల్లలు శాశ్వతంగా బతికే స్థితి వచ్చింది. ఇప్పుడు ధనిక దేశాల్లో అది నూటికి ఎనభై దాటి తొంభై వైపు పోతోంది.

ఆ మందుల్లో ఒకటైన విన్‌క్రిస్టిన్ మన బిళ్ళగన్నేరు నుంచి తీసినది. ఆళ్ళగడ్డలో ప్రతి ఇంటి వాకిట్లోనూ, శ్మశానాల్లోనూ, ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే మొక్క. అది చూసి "మందు మన గడపలోనే ఉందే" అనుకోనక్కరలేదు. ఆకు నమిలితే క్యాన్సరు తగ్గదు, ప్రాణం మీదికి వస్తుంది. ఆ సలహా ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ తారసపడుతున్నారు కాబట్టి చెబుతున్నాను.

ఇక మన దేశం. మద్రాసు అడయారులో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి సంకల్పంతో 1954లో చిన్న చిన్న పాకల్లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. తన చెల్లెలు క్యాన్సరుతో పోవడం ఆమె పట్టుదలకు కారణం. ఆమె కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి, ఆయనతో డాక్టర్ వి. శాంత, జీవితమంతా అక్కడే గడిపారు. పిల్లల క్యాన్సరుకు ప్రత్యేక విభాగం పెట్టిన మొదటి వారిలో వాళ్ళున్నారు. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ చొరవతో 1955లో ఏర్పడిన ఆసుపత్రిని ఇప్పుడు ఎం.ఎన్.జె. అంటున్నాం. రాయలసీమ జనానికి దశాబ్దాల తరబడి దిక్కులు ఇవే: ఉత్తరాన హైదరాబాదు, దక్షిణాన మద్రాసు, వేలూరు, పడమర బెంగుళూరు. మధ్యలో ఏమీ లేదు.

1984లో మద్రాసు, బొంబాయి, ఢిల్లీ కేంద్రాలు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకు చెందిన ఇయాన్ మాగ్రత్‌తో కలిసి ఒక ఉమ్మడి చికిత్సా క్రమాన్ని రూపొందించుకున్నాయి. దాని పేరు ఎం.సి.పి. 841. అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు దించితే మన పిల్లలు మందు తాకిడికి, తరువాత వచ్చే సూక్ష్మజీవుల దాడికి తట్టుకోలేరు. మన ఆసుపత్రులు మోయగలిగినంత మోతాదుతో చేసిన క్రమం ఇది. అంతకు మునుపు అయిదుగురిలో ఒకరు బతకడమే కష్టంగా ఉన్నచోట, ఈ క్రమంతో సగం మంది దాకా బతకసాగారు. ఇంత గొప్ప విషయం మన పత్రికల్లో ఎన్నడూ పతాక శీర్షిక కాలేదు.

అయితే ఈ లెక్కలన్నీ చికిత్సలో చివరిదాకా నిలిచినవారివి. నిలవనివారి మాట?

నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. 1990ల తొలినాళ్ళలో నంద్యాలలో నాతో చదివిన ఒకడి చెల్లెలికి ఈ జబ్బు వచ్చింది. ఏడేళ్ళ పిల్ల. మొదట జ్వరమన్నారు, తరువాత కామెర్లన్నారు, మంత్రం వేయించారు. మన భాషలో క్యాన్సరుకు పాత పేరు రాచపుండు. పుండంటూ కనిపించని ఈ జబ్బును క్యాన్సరని ఎవరూ పోల్చుకోలేదు. చివరకు ఒక పెద్ద నగరంలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఎద్దులను అమ్మారు. తల్లి మూడు నెలలు ఆసుపత్రి వరండాలోనే పడుకుంది. పిల్ల కోలుకుంది. ఊడిన జుట్టు మళ్ళీ మొలుస్తూండగా ఊరికి వచ్చింది, మాతో కలిసి మహానంది తిరునాళ్ళకు కూడా వచ్చింది. మళ్ళీ రమ్మని డాక్టర్లు రాసిచ్చిన చీటీ గూట్లోనే ఉండిపోయింది. "పిల్ల బాగానే ఉంది కదమ్మా, ఇంకా ఆ సూదులెందుకు?" అని మా అమ్మతో ఆ తల్లి అనడం నేను విన్నాను. మా అమ్మ కూడా తల ఊపింది. మరుసటి ఏడాది జబ్బు తిరగబెట్టింది. ఈసారి అమ్మడానికి ఎద్దులు లేవు.

ఆ తల్లి అజ్ఞానమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆమె తర్కంలో తప్పేమీ లేదు. జబ్బు తగ్గితే మందు ఆపడమే మనం పుట్టినప్పటి నుంచి నేర్చుకున్న పద్ధతి. పిల్లల రక్త క్యాన్సరులో అది తలకిందులవుతుంది. మొదటి నెలలోనే జబ్బు కంటికి కనిపించకుండా పోతుంది, కాని ఎక్కడో దాగి ఉంటుంది. తరువాతి ఆరేడు నెలలు గట్టి మందులు, ఆపైన ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు తేలిక మందులు. ఈ రెండో దశలో రోజూ వేసుకోవలసిన మెర్కాప్టోప్యూరిన్ ఒకటి, వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ ఒకటి. వారానికి ఒకసారన్నదాన్ని పొరపాటున రోజూ వేసుకుంటే అదే విషమవుతుంది. ఒక వారం మరిచిపోతే కనబడే నష్టమేమీ ఉండదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. అమెరికాలో స్మితా భాటియా బృందం 2012లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, రోజువారీ మాత్రలు నూటికి తొంభై అయిదు పాళ్ళకన్నా తక్కువ వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం గణనీయంగా పెరిగింది. అంటే నెలకు రెండు మూడు రోజులు తప్పినా ప్రమాదమే. అమెరికాలోనే ఇలాగుంటే, శనగ పైరు కోతల కాలంలో, నల్లరేగడిలో ఉదయం నాలుగింటికి బయలుదేరే ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

దూరం సంగతి కూడా చూద్దాం. ఆళ్ళగడ్డకు రైలు లేదు. నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు 2016లో పూర్తయిన కొత్త లైను బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగుల మీదుగా పోతుందే తప్ప ఆళ్ళగడ్డను తాకదు. క్యాన్సరు రోగికి స్లీపరు తరగతిలో రైల్వే వారు టికెట్టు పూర్తిగా ఉచితం చేశారు, తోడు వెళ్ళేవారికి ముప్పాతిక రాయితీ ఉంది. చక్కని ఏర్పాటే, కాని ఆళ్ళగడ్డ వాడికి ఆ రాయితీ నలభై కిలోమీటర్ల అవతల, నంద్యాలలో మొదలవుతుంది. కాబట్టి రాత్రి బస్సే గతి. సిరివెళ్ళ, నంద్యాల, పాణ్యం, కర్నూలు దాటి మూడు వందల కిలోమీటర్లకు పైగా. తెల్లకణాలు పడిపోయిన బిడ్డను కిక్కిరిసిన బస్సులో, మూతికి గుడ్డ కట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకుని. ఇద్దరి కూలి పోతుంది. ఇంట్లో మిగిలిన పిల్లలు అవ్వ దగ్గర. ఇవేవీ ఆసుపత్రి బిల్లులో కనిపించవు.

2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాలలో మొదలై మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతటా విస్తరించిన ఆరోగ్యశ్రీ ఆ బిల్లును చాలా మేరకు తీసుకుంది. ఈ పథకం మీద ఎవరికి ఏ రాజకీయాభిప్రాయమున్నా, పిల్లల క్యాన్సరు విషయంలో అది గీత గీసిందని నేను నమ్ముతున్నాను. అంతకు ముందు ముఖ్యమంత్రి సహాయనిధి కోసం ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుని తిరగడమే తెలిసిన వాళ్ళకు, ఆసుపత్రి ద్వారం దగ్గర ఆరోగ్యమిత్ర అనే మనిషి కనబడి కాగితాలు సరిచూడడం చిన్న సంగతి కాదు. 2014లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాదు పరాయి రాష్ట్రమైంది. 2019 నవంబరులో హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై ఆసుపత్రులకు ఆంధ్ర పథకాన్ని విస్తరించిన తరువాత ఆ చిక్కు కొంత వీడింది. అదే ఏడాది డిసెంబరులో, చికిత్స తరువాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5000 మించకుండా భృతి ఇచ్చే ఏర్పాటు చేశారు. పోయిన కూలిని కూడా వైద్యపు ఖర్చుగా ప్రభుత్వం ఒప్పుకోవడం అందులో గమనించదగిన విషయం.

బిల్లు తీరినా మనుషులు ఆగిపోవడం ఆగలేదు. ఇది మన ఒక్కరి అనుభవం కాదు. నాలుగు వారాలు వరుసగా చికిత్సకు రాకపోతే దాన్ని చికిత్స విడిచిపెట్టడంగా అంతర్జాతీయ పిల్లల క్యాన్సరు వైద్యుల సంఘం నిర్వచించింది. పేద దేశాలలో చావులకు జబ్బు తిరగబెట్టడం ఎంత కారణమో, ఇలా విడిచిపెట్టడం చాలాచోట్ల అంత కారణం. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో 1980లలో నూటికి పదహారు మంది పిల్లలు మధ్యలో మానేసేవారు. ఊరి దాతల సంఘం వాళ్ళకు బస, తిండి, ప్రయాణం ఖర్చు ఇచ్చి, ప్రత్యేక విభాగం పెట్టాక అది ఒక శాతం లోపుకు దిగింది. బతికే పిల్లలు 32 శాతం నుంచి 63 శాతానికి పెరిగారు. వాళ్ళు కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఎల్ సాల్వడార్‌లో ఇంకా చిన్న ఉపాయం చేశారు. బిడ్డ రావలసిన రోజున రాకపోతే వెంటనే ఫోను చేయడం, దొరక్కపోతే ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికి కబురు పంపడం. ఎందుకు రాలేదని గద్దించడానికి కాదు, ఏమి అడ్డమొచ్చిందని అడగడానికి. బొంబాయి టాటా ఆసుపత్రిలో ఒకప్పుడు అయిదుగురిలో ఒకరు విడిచిపెట్టేవారు. 2010 తరువాత ఇంపాక్ట్ అనే సంస్థ ద్వారా బస, డబ్బు, రక్తం, ఓదార్పు ఒకే చోట సమకూర్చాక అది అయిదు శాతం దాపుకు వచ్చింది. 2006లో బొంబాయిలోనే మొదలైన సెయింట్ జూడ్ ఇండియా బసలు ఇప్పుడు హైదరాబాదులో కూడా ఉన్నాయి. కుటుంబానికి ఒక గది, వండుకోవడానికి పొయ్యి, పిల్లలకు పాఠాలు.

ఇవి చదివినప్పుడు నాకు సత్రాలు గుర్తుకు వచ్చాయి. అహోబిలంలో, మహానందిలో ఎన్ని సత్రాలు! కులానికొకటి, కొన్ని కులాలకు రెండు. యాత్రికుడు ఎక్కడి నుంచి వచ్చినా అన్నం పెట్టి చాప వేసే సంప్రదాయం మన సీమకు కొత్త కాదు. సుబ్బారావును ఓడ ఎక్కించింది కూడా ఒక ధర్మసంస్థ సొమ్మే. కాని ఆ దాతల దృష్టి దేవుడి గుడి దగ్గర ఆగిపోయింది, ఆసుపత్రి గుమ్మం దాకా రాలేదు. కర్నూలు పెద్దాసుపత్రి బయట చెట్ల కింద పడుకున్న వాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఈ ఉక్రోషం కలుగుతుంది. నేనూ అహోబిలంలో ఒక సత్రానికి చందా ఇచ్చినవాణ్ణే, కాబట్టి ఇది ఇతరుల మీద విమర్శ మాత్రమే కాదు.

మరొక్క మాట. ఆసుపత్రులకు చేరే పిల్లల్లో మగపిల్లలే ఎక్కువ. జబ్బు మగపిల్లల్లో కొంత ఎక్కువగా వచ్చే మాట నిజమే గాని, మన దేశంలో కనిపించే తేడా అంతకు మించినది. ఆడపిల్లలు కొందరు అసలు బస్సే ఎక్కరు. నా సహాధ్యాయి తండ్రి ఎద్దులమ్మి కూతుర్ని తీసుకువెళ్ళాడంటే, ఆ కాలానికి ఆయన ఎంతటి మనిషో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

ఇటీవలి సంగతులకు వస్తే, 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయింది, 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. తిరుపతిలో 2022 మే నెలలో టాటా వారి క్యాన్సరు ఆసుపత్రి మొదలైంది. చికిత్స అంతా నంద్యాలలోనే జరగాలని నేననను. పిల్లల క్యాన్సరు అన్ని ఊళ్ళలోనూ వైద్యం చేయదగిన జబ్బు కాదు. కాని మధ్యలో చేయవలసినవి ఉన్నాయి: రక్త పరీక్ష, కొన్ని సూదులు, అన్నిటికన్నా ముఖ్యంగా జ్వరం. తెల్లకణాలు పడిపోయిన బిడ్డకు జ్వరం వస్తే గంటల్లో నరానికి మందు ఎక్కాలి. హైదరాబాదు బస్సు కోసం రాత్రిదాకా ఆగితే మించిపోతుంది. అక్కడి డాక్టరు ఫోనులో చెబితే ఇక్కడి డాక్టరు ఆ మొదటి సూది వేయగలగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రకటించిన లక్ష్యం 2030 నాటికి క్యాన్సరు వచ్చిన పిల్లల్లో కనీసం 60 శాతం మంది బతకాలని. నంద్యాల జిల్లాలో ఆ లక్ష్యం నెరవేరడమన్నది ఇలాంటి ఫోను కాల్ మీద ఆధారపడి ఉంటుంది.

పోయిన సంక్రాంతికి ఆళ్ళగడ్డ వెళ్ళినప్పుడు, రాతి బొమ్మలు చెక్కే ఒక ఇంట్లో గోడ క్యాలెండరు మీద ప్రతి ఆదివారానికీ ఎర్ర సున్నా చుట్టి ఉండడం చూశాను. శుభకార్యాల లెక్కేమో అనుకున్నాను. ఆ ఇంటి ఆరేళ్ళ పిల్లవాడికి వేసే మెథోట్రెక్సేట్ లెక్క అది. వేసిన ఆదివారం సున్నా మీద అడ్డగీత. వాళ్ళ అమ్మకు చదువు రాదు. రోజూ వేసే మాత్రలు ఒక డబ్బాలో, ఆదివారం మాత్రలు గూట్లో దేవుడి పటం వెనక వేరే డబ్బాలో. రెండూ కలవకూడదని ఆసుపత్రిలో ఒకమ్మాయి చెప్పిందట.

"మధ్యలో ఒకసారి మానేసినాం సార్," అన్నాడు తండ్రి. "పిల్లోడు బాగుండాడు, నాకు గుడి పని వచ్చింది. ఐదు వారాలు పోలేదు. ఆ అమ్మాయే ఫోన్ చేసింది. తిడతాదేమోనని రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తితే, అన్నా, బస్సు చార్జీకి లేవా అని అడిగింది."

సుబ్బారావు అన్న పేరు ఆయన వినలేదు. నేను చెబితే, "మన తెలుగాయనేనా?" అని మాత్రం అడిగాడు. పిల్లవాడు వాకిట్లో రాతిపొడిలో ఆడుకుంటున్నాడు. ఇంకా పదకొండు నెలల ఆదివారాలున్నాయి.